పద్నాలుగో నిమిషం దగ్గర దగ్గు

హెడ్‌ఫోన్లు పెట్టుకుని
మళ్లీ ఆ షెడ్డులోకి దిగుతాను.
నెల్లిమర్ల. మాఘమాసం. రాత్రి ఎనిమిదిన్నర.
మూతబడిన జూట్ మిల్లు.
గోగునార వాసనకి మైకు పెట్టలేం,
అయినా మొదటి పాట తెరుచుకోగానే
ముందు నాకు అదే వినిపిస్తుంది.

దాలినాయుడు గిటారు వాయించడు.
ఒక తీగని తాకి వదిలేసి
అది ఎందాకా పోతుందో చూస్తూ కూచుంటాడు,
చంపావతి ఇసకలో నీళ్లు ఇంకడం చూసినట్టు.
ఎస్తేరుకి చర్చి హార్మోనియం అలవాటు,
కీబోర్డు ముందు కూడా ఎడమచెయ్యి
ఊరికే గాలి కొడుతూ ఉంటుంది.
పాటలో మాటలు ఆరే. ఆరూ కలిపి ఒక ప్రశ్న.
లక్ష్ముంనాయుడు దాన్ని ఎవరినీ అడగడు,
గొంతులోనే అటూ ఇటూ దొర్లిస్తాడు.

వచ్చినవాళ్లు నలభై ముగ్గురు.
సగంమంది ఇంకాసేపట్లో డప్పు పడుతుందనుకున్నారు.
పడలేదు.
ఎవరో సైకిలు స్టాండు తన్ని వెళ్లిపోయిన చప్పుడు
రెండో పాటలో ఉంది, ఎడమ చెవి వైపు.

మూడోది పంతొమ్మిది నిమిషాలు, ఒకే శ్రుతి.
పద్నాలుగో నిమిషం దగ్గర దగ్గు.
వాచ్‌మన్ పోలయ్యది.
ముప్పై ఒక్క ఏళ్లు నార దుమ్ము తిన్న ఛాతీది.

మొదట తుడిచేశాను.
మరకలు తియ్యడమే కదా నా పని.
తీసినచోట మౌనం మిగిలింది,
కానీ ఆ షెడ్డు మౌనం కాదు,
ఎక్కణ్ణుంచో తెచ్చి వేసిన మాసిక.

ఆ రాత్రి నేను వైర్లు చుడుతుంటే వచ్చి అడిగాడు:
"ఇది మీకెలాగ తెలిసినాది బాబూ?
మగ్గాలు ఆగిపోనాక, ఇంటికెల్లి తొంగున్నాక
సెవిలో ఉండిపోద్ది సూడు, ఆ మోత.
మా ఇంటిది ఇననేదు. గుంటలు ఇననేదు.
నాకొక్కడికే అనుకున్నాను ఇన్నాళ్లూ."

దాలినాయుడు ఏమీ అనలేదు.
ఆంప్ మళ్లీ వేసి
అదే తీగ. ఒక్కసారి.
అది మాత్రం ఆల్బంలో లేదు,
అప్పటికే మైకులు పెట్టెలో సర్దేశాను.

దగ్గుని తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టాను.

ఆఖరి పాట ఎక్కడ అయిపోయిందో ఎవరికీ తెలీదు.
చీపురుపల్లి వైపు పోయే గూడ్సు ఒకటి
అందులోకి వచ్చి, అందులోంచి పోయింది.
చప్పట్ల కోసం చూసేవాళ్లు
పెట్టెలు లెక్కపెట్టుకోవచ్చు, యాభై ఎనిమిది.
తర్వాత రేకుల మీంచి మంచు బొట్టు.
ఇంకొకటి.
తర్వాత, వింటే వినిపిస్తాను నేను,
ఆపే బటన్ మీద వేలు పెట్టి
నొక్కకుండా.