ఆరున్నొకటి

అదీన్, ద్వా, త్రీ, చితీర్యె.
పోరూరు బస్సులో నిలబడి
అరచేతి మీద బాల్‌పెన్నుతో రాసుకున్న అంకెలు
దిగేసరికి చెమటకి సగం కరిగాయి.
ఐదు దాకా మిగిలాయి. చాలనుకున్నాను.
మోకాలికి మొదటి రోజు ఐదుసార్లే కదా.

మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.
జోయా అర్కాద్యెవ్నా, పెర్మ్ నుంచి.
కొత్త మోకాలు, పాత చూపు.
మాట అటూ ఇటూ మోసే గుణశీలన్
మధ్యాహ్నం దాకా రాడు.

"అదీన్" అన్నాను, మడమ కింద చెయ్యి పెట్టి.
కాలు కదల్లేదు. కనుబొమ్మ కదిలింది.
కాదని వేలు ఊపి
"రాస్" అంది.
రాస్, ద్వా, త్రీ.
అడుగులకీ, తాడాటకీ, బరువులెత్తడానికీ
మొదటిది ఒకటి కాదట వాళ్లకి.
"ఒకసారి అని అర్థం" అన్నాడు గుణశీలన్ తర్వాత,
క్యాంటీన్లో వడ చిదుముతూ.

నాకు చెప్పక్కర్లేదు.
మా తాత కొత్వాల్ చావిడిలో
ఇత్తడి పడితో కందిపప్పు కొలిచేటప్పుడు
ఏనాడూ ఒకటి అనలేదు.
లాభం, అనేవాడు.
లాభం, రెండు, మూడు...
పప్పు దుమ్ములో ఆయన గొంతు పసుపుపచ్చగా ఉండేది.

అద్నా నర్సు, అదీన్ డాక్టరు, అద్నో మోకాలు.
ఒకతె, ఒకడు, ఒకటి.
ఇంత దూరపు భాషలో
మా ఇంటి అరుగు తగిలినట్టయింది.
తగిలింది కదాని కాలు చాపుకుంటే
నలభై దగ్గర బోర్లా పడ్డాను.
ఇరవై ద్వాద్సత్, ముప్పై త్రీద్సత్,
వరస బుద్ధిగా నడిచి నడిచి
నలభైకి ఉన్నట్టుండి సోరక్!
నాలుగుతో చుట్టరికం లేదు, పదితో పలకరింపు లేదు,
ఎవరింటి పిల్లో తెలీదు.
ఆమె మోకాలు కూడా సరిగ్గా అక్కడే ఆగింది.
ప్లాస్టిక్ కోణమానిని పట్టి చూపించాను: సోరక్.
తొంభై కావాలి మనకి.
"దెవినోస్తా" అంది ఆమె,
రైలు ఆగని స్టేషను పేరులా.

నీకెన్నేళ్లని అడిగింది ఒకరోజు.
ద్వాద్సత్ షేస్త్ అని, గోద్ అన్నాను.
మళ్లీ వేలు ఊపింది.
ఒక ఏడైతే గోద్. రెండు, మూడు, నాలుగైతే గోదా.
ఐదుకొచ్చేసరికి ల్యెత్.
ల్యెత్ అంటే వేసవులు.
మంచు దేశంవాళ్లు
వయసుని ఎండలతో కొలుస్తారు.
కిటికీ బయట మే నెల, చెరువు మీద తెల్లటి మంట.
మా ఊళ్లో మొదటి ఏడు నుంచీ వేసవులేనమ్మా
అని చెప్పాలనిపించింది.
నా దగ్గర మాటల్లేవు. అంకెలే ఉన్నాయి.

రోజూ సాయంత్రం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది:
సున్నా నుంచి పదిలోపు, నొప్పి ఎంత?
అంతవరకూ మూడు అనేది, నాలుగు అనేది,
నన్ను ఓదార్చడానికి అన్నట్టు.
ఆ రోజు గోడ వైపు చూస్తూ
స్యెమ్, అంది.

ఏడు.

మా తాత నోట రాని అంకె.
ఆరు తర్వాత ఆరున్నొకటి, ఆపైన ఎనిమిది.
గల్లాపెట్టె ముందు ఎవరినీ
ఏడు అనకూడదని.
ఆమె భాషలో ఆ మాటకి కన్నీళ్లు లేవు.
ఆమె కళ్లలోనూ లేవు. దిండు అంచు మాత్రం
పిడికిట్లో నలుగుతోంది.

కాగితం మీద అంకె వేశాను. అంకెకి చప్పుడు ఉండదు.
పైకి మాత్రం
ఆరున్నొకటి, అన్నాను.
ఏమిటన్నట్టు చూసింది.
ఆరు వేళ్లు చూపించి, ఆగి,
ఇంకొకటి ఎత్తాను.
"షేస్త్... ఇ రాస్?"
ఆరు, మరొకసారి.
తప్పు రష్యన్, తప్పు తెలుగు,
ఇద్దరం తలలూపాం.

మర్నాడు మడమ కింద చెయ్యి పెట్టగానే
నేను నోరు తెరవకముందే
ఒత్తులన్నీ ఊడగొట్టి
"లాబమ్" అంది.
లాబమ్, ద్వా, త్రీ.
కోణమానిని తీశాను.
సోరక్ త్రీ.