పట్టిపులం దాకా

బండి కొనివ్వమన్నాడు.
కాళ్ళున్నాయి కదరా, అన్నాను.
"అయితే నువ్వూ నడువు, మహాబలిపురం దాకా."
పేరు నిశ్చల్. పెట్టింది నేనే.

శనివారం, ఇంకా తెల్లారలేదు,
తిరువాన్మియూర్ దగ్గర ఇసుకలోకి దిగాం.
నా సంచిలో నీళ్ళ సీసాలు, పులిహోర పొట్లం,
కొబ్బరినూనె, సూదీ దారం, బీపీ మాత్రలు.
వాడి సంచిలో ఏముందో తెలీదు.
వాడి సంచి నేను సర్దని ప్రయాణం
పదిహేనేళ్ళలో ఇదే మొదటిది.

నీలాంగరై వరకూ ఒక్క మాట లేదు.
ముప్పై అడుగుల వెనక,
అదే దారిన పోతున్న ఎవరో పరాయి పిల్లాడిలా.
తిరిగి చూస్తే సముద్రంకేసి చూస్తాడు.

ఇంజంబాక్కం దాటాక ఒక తాబేలు.
చచ్చి రెండ్రోజులై ఉంటుంది,
కళ్ళు కాకులు ముందే పట్టుకుపోయాయి.
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
నేను చుట్టూ తిరిగి పోయాను.
వాడు ఆగాడు.
విరిగిన కొబ్బరి చిప్పతో ఇసుక తోడి
పోశాడు, పోశాడు,
డిప్ప మునిగేదాకా.
నేను తొందరపెట్టలేదు.
నేను తొందరపెట్టని సందర్భాలు
వాడు వేళ్ళమీద లెక్కపెట్టగలడు.

తర్వాత పక్కన నడిచాడు.

కావలి నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళు,
అరవం మాట్లాడతాను, చదవలేను.
వాడికి తెలుగు మాటే గానీ అక్షరం లేదు.
ఒకే ఇంట్లో ఇద్దరం నిరక్షరాస్యులం.
ఒడ్డుకి లాగిన పడవల పేర్లు
అడగకుండానే చదివి పెట్టాడు నాకు.
"కడల్ అరసి."
సముద్రపు బియ్యమా?
నవ్వాడు. ఈ నెలలో మొదటిసారి.
"బియ్యం అరిసి. ఇది అరసి, రాణి."
ఒక్క గుడి తేడా, అన్నాను.
గుడా, ఎక్కడ? అని చుట్టూ చూశాడు.
కర్రపుల్లతో ఇసుకలో
'ర' రాసి, దాని నెత్తిన గుడి పెట్టి చూపించాను.

ముట్టుకాడు దగ్గర ఒడ్డు తెగిపోతుంది.
రోడ్డెక్కి వంతెన దాటాలి.
లారీలు వచ్చే వైపు నేనున్నాను, అలవాటుగా.
మోచెయ్యి పట్టి లోపలివైపుకి జరిపాడు.
ఏమీ అనలేదు. ఫోన్ చూసుకుంటూనే జరిపాడు.

రాత్రి కోవళంలో లాడ్జి గది,
ఒక బల్బు, బోలెడు దోమలు.
నా మడమ మీద రేగుపండంత బొబ్బ.
అగ్గిపుల్ల వెలుగులో సూది కాల్చి
"ఊపిరి పీల్చి వదులు" అన్నాడు.
ఆ మాట, ఆ గొంతు ఎక్కడివో నాకు తెలుసు.
టీకాల గదిలోవి.

పొద్దున వాడి సంచి తెరుచుకుంది:
చార్జరు, సగం తిన్న చిప్స్,
మూడు జతల సాక్సులు.
ఒక జత నావైపు విసిరాడు.
తొడిగితే మడమ దగ్గర రెండు వేళ్ళ ఖాళీ.

పట్టిపులం వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.
నేను బొబ్బ సంగతి ఎత్తలేదు.
పంతం కదా.
వాడే ఆగిపోయాడు.
"అమ్మా, కుడి మోకాలు పట్టేసింది. బస్సెక్కుదాం."
ఎడమ కాలు కుంటాడు.

మామిడి పండు కాదు, టెంకంటేనే నాకిష్టం
అని ఎన్ని వేసవులు చెప్పానో వాడికి.

ఎవరు ఓడినట్టో ఇద్దరం అడుక్కోలేదు.
బస్సులో ఒకే సీటు ఖాళీ.
మోకాలు పట్టేసినవాడు
మహాబలిపురం దాకా నిలబడే వచ్చాడు.