అద్దకం కాని నీలం

పొత్తువిల్ రోడ్డు మలుపులో నా కొట్టు.
విరిగిన సర్ఫు పలకలకు కట్లు కడతాను.
ముక్కు పగిలినవి, రెక్క ఊడినవి, నడుం విరిగినవి.
ఉప్పునీళ్ళు తాగి బరువెక్కినవాటిని
ముందు ఎండలో తలకిందులుగా నిలబెట్టాలి,
తాగిందంతా కక్కేదాకా.

జూలైలో నాకు ఒకే శత్రువు: నెమలి.
కొత్తగా మెరుగుపెట్టిన పలకలో తనను తాను చూసుకుని
ఎవడ్రా నువ్వని పొడుస్తుంది.
మూడు రోజుల పని మూడు పోట్లకు పోతుంది.
జర్మనీవాడొకడు ఫొటో తీసి పగలబడి నవ్వాడు,
అది తన పలకేనని తెలిసేదాకా.

ఈ తీరంలో నెమలి అందరిదీ.
టీషర్టుల మీద, రొట్టెల దుకాణం బోర్డు మీద,
తుక్‌తుక్ వెనక అద్దం మీద పురివిప్పి నిలబడుతుంది.
నిజం నెమలి మాత్రం
అనాసతొక్క కోసం కాకులతో తగువుపడుతుంది.

ఇంకా దక్షిణాన ఒకంద.
మురుగన్ కోవెల, దాని వెనక రాతికొన,
కొనను చుట్టి కుడికి విప్పుకునే అల.
యాళ్పాణం నుంచి కాలినడకన వచ్చినవాళ్ళు
అడవి గేటు తెరిచేదాకా అక్కడే వండుకుంటారు.
వాళ్ళ పొయ్యిల మధ్యనుంచి
పలకలు చంకనపెట్టుకున్న కుర్రాళ్ళు
గంజి తొక్కకుండా ఒక్కొక్క అడుగే వేస్తారు.

అక్కడ ఒక ముసలాయన నాకు చెప్పాడు:
నెమలి అడవిది కాదు తమ్ముడూ, సముద్రానిది.
శూరుడు నడిసంద్రంలో మామిడిచెట్టై నిలబడితే
స్వామి బల్లెం నిలువునా చీల్చింది.
ఒక చెక్క కోడిపుంజు. ఒక చెక్క నెమలి.
నేను నమాజు చేసుకునేవాణ్ణి. అయినా
చెక్క అన్నచోట నా చెవి ఆగిపోయింది.
చీలిన చెక్కలే కదా నాకు అన్నం పెట్టేది.

ఆ వారమే తువారక వచ్చింది.
కోమారి పిల్ల. ఎవరో వదిలేసిపోయిన పలక,
తోక దగ్గర అరచేయంత పగులు.
చీరముక్కలో చుట్టిన ఈక బయటికి తీసింది.
అమ్మమ్మ కావడిలోది.
పదకొండేళ్ళు నడిచిందట, పన్నెండో ఏడు మోకాళ్ళు ఒప్పుకోలేదట.
"పగులు మీద ఇది పెట్టి పైన గాజుగుడ్డ వెయ్యి."

చెప్పి చూశాను.
ఆ నీలం అద్దకం కాదమ్మా,
ఈకలో వెలుతురు కాపురముండే గదులుంటాయి,
రెజిన్ దూరిందంటే ఒక్కో దీపం ఆర్పుకుంటూ పోతుంది.
"నీకెలా తెలుసు?"
ఒక ఆస్ట్రేలియావాడికి చేసి డబ్బులు తిరిగిచ్చాను.

కాసేపు ఊరుకుని అంది:
"నాలుగో తరగతిలో లెక్కల పుస్తకంలో దాచాను ఒకటి,
పిల్లలు పెడుతుందంటే.
పెట్టలేదు. అయినా రోజూ తెరిచి చూశాను కదా."

వేశాను.
కుంచెతో లాగుతుంటే కన్ను ఒక్కసారి
ఆకుపచ్చగా ఉలిక్కిపడింది,
ఆపైన చల్లారిన టీ రంగులోకి దిగిపోయింది.
తను ముఖం తిప్పుకోలేదు. నేను తిప్పుకున్నాను.

తెల్లారేసరికి వాడు వచ్చేశాడు.
తోకంతా రాలిపోయి, పొట్టి వెనకతో,
కిరీటం ఒక్కటీ తీయడం మరిచిన వేషగాడిలా.
సరిగ్గా కన్ను పక్కన మూడు గుంతలు.
పూడ్చి ఇస్తానన్నాను, డబ్బు వద్దన్నాను.
"ఉండనీ. మైనం బాగా పడుతుంది."

ఆదివారం ఒకందలో చూశాను.
అలల వరుస లేచే వేళ
రాతికొన మీద నుంచి నెమలి కేక.
నీళ్ళలో ఉన్న తలలన్నీ అటు తిరిగాయి, ఒకటి తప్ప.
అప్పటికే తను చేతులు వేస్తోంది,
అప్పటికే లేచింది,
వెనక కాలు సరిగ్గా ఆ కన్ను మీద.

స్వామి ఈక మీద కాలా అని
గట్టునున్న పెద్దావిడెవరో నాలుక కరుచుకుంది.
నేనేం మాట్లాడలేదు.
వాళ్ళమ్మమ్మ పదకొండేళ్ళూ
మొక్కింది కాళ్ళతోనే కదా.