కుండీ తూకం

తుంటి ఎముక విరిగి
హాప్సలు ఆస్పత్రికి పోతూ హిల్యా
స్ట్రెచరు మీంచే చెప్పింది:
"కలబందని చంపకు ఉర్మాస్,
అడిగితేనే నీళ్ళు పొయ్యి."
అదెలా అడుగుతుందో చెప్పేలోపు
అంబులెన్సు తలుపు మూసేశారు.

నాది తాలిన్ పోస్టాఫీసులో పార్సెళ్ళ కౌంటరు.
ఇరవై ఆరేళ్ళుగా
చేత్తో ఎత్తి గ్రాములు చెబుతాను,
కాటా తర్వాత ఒప్పుకుంటుంది.
మొక్కల సంగతి నాకేం తెలుసు?

నవంబరులో మూడున్నరకే చీకటి.
ఒంటరిది కదా పాపం అని
నేను టీ తాగినప్పుడల్లా దానికో కప్పు నీళ్ళు.
కిటికీ కింద హీటరు బుసకొడుతుంటే
దాహమేస్తోందనుకున్నాను.

డిసెంబరు సగానికి
అడుగాకు వెలుతురుకి అటూ ఇటూ కనిపించింది.
వేలు పెడితే పండిన కురుపులా దిగబడింది.
నిలవనీటి కంపు.
వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి
కుళ్ళిన వేళ్ళు కత్తెరతో తీసేశాను,
మిగిలినవాటికి బొగ్గుపొడి అద్దాను.
ఐదు రోజులు మట్టి లేకుండా
అలా పడుకునే ఉంది అది.
ఆ ఐదు రోజులూ
హాప్సలుకి ఫోను చెయ్యలేదు నేను.

తర్వాత ఇసుకా ఇటుకపొడీ ఎక్కువేసి
అడుగున చిల్లి ఉన్న మట్టికుండీలో నాటాను.
ఎండినప్పుడు వెయ్యిన్ని ఏడువందల ఇరవై,
తడిసినప్పుడు రెండు కిలోల నూట నలభై.
ఈ రెంటి మధ్యా అది అడుగుతుందని
నాకొచ్చిన ఒకే విద్యతో
చేతికి నేర్పుకున్నాను.

జనవరి మొత్తానికి ఒక్కసారి.
పెరట్లోంచి ఎనామిల్ గిన్నెడు మంచు తెస్తే
కరిగి గుక్కెడయింది.
ఆ గుక్కెడూ గది వెచ్చదనానికి వచ్చేదాకా
రాత్రంతా ఆగాను.
ఫిబ్రవరిలో సున్నాకి ఇరవై రెండు కింద.
అద్దానికి ఆకు అంటుకోకుండా
కుండీని జానెడు ఇవతలికి జరపడమే,
చుక్క లేదు.

మార్చి చివర నడిమధ్యలో
చిలకముక్కంత కొత్త ఆకు.
పండగని కప్పు ఎత్తాను, దించేశాను.
పదిహేను రోజులకోసారి చాలు.

మేలో రెండద్దాల మధ్య దూది పీకి కిటికీ తెరిచాను.
జూన్‌లో రాత్రి పదకొండుకీ పేపరు చదవొచ్చు,
వారానికోసారి, నిండుగా,
చిల్లిలోంచి కారేదాకా పోసి
పళ్ళెంలో నిలిచింది పారబోసేవాణ్ణి.
జులైలో ఆకులు ఎర్రబారితే
మళ్ళీ కప్పు మీదికే పోయింది చెయ్యి.
ఎత్తి చూస్తే రెండు కిలోలు.
ఎండ తగిలింది అంతే. కర్టెన్ వేశాను.

ఆగస్టులో ఫోను.
దీవిలో చెల్లెలింట్లో కర్రతో నడుస్తోందట.
"చల్లబడింది, తగ్గించావా?"
తగ్గించానన్నాను.
వేళ్ళ సంగతి చెబుదామనుకున్నాను,
చెల్లెలు భోజనానికి పిలిచింది.

అక్టోబరు మొదట్లో మళ్ళీ:
"ఇవాళ్టి నుంచి రెండు వారాలు
చుక్క కూడా పొయ్యకు."
ఆకు కొయ్యబోయే ముందు ఎండగట్టాలట,
అప్పుడే పసరు చిక్కనవుతుందట.
తేనెతో దగ్గుకి ఆవిడ ఇచ్చే మందు
మా మెట్లవారంతా ఎరిగిందే.
"దగ్గెవరికి?" అన్నాను.
"నీకే. ఫోనులో వినపడుతోంది."

పద్నాలుగో రోజు
మేనల్లుడు సంచులు మోస్తుంటే వచ్చింది.
కోటు విప్పలేదు, పలకరించలేదు,
కర్ర గోడకానించి రెండు చేతులా కుండీ ఎత్తింది.
"మట్టి మార్చావు."
బల్ల మీద తేనెసీసా మూత తిప్పుతూ ఉన్నాను నేను.
"ఎన్ని వేళ్ళు పోయాయి?"
"సగం."
ఊఁ అంది.
కత్తి ఇవ్వమని చెయ్యి చాపింది.