ఎదురు షాట్

మక్తల్ అవతల చేన్ల కుర్మన్న షాట్ అయిపోయింది.
నోట్‌బుక్కుల రాసుకున్న:
ఎడమ భుజాన తువ్వాల, సగం కాలిన బీడీ,
చూపు కుడికి.

మణెమ్మ ఎదురుచూపుకు పదకొండు రోజులు పట్టె.
అప్పటికి పల్లికాయ పీకిండ్రు,
కెమెరా దాటొద్దని ముగ్గుపిండితో గీసిన గీత
వాన కడిగింది,
కుర్మన్న మేస్త్రీ జీపెక్కి పూణె పోయిండు.
అడ్వాన్సు తిన్నంక ఆగేటిదేముంది.

లైటు స్టాండుకు అట్లాంటిదే తువ్వాల కట్టి
"గీ ఎత్తుకు చూడు మణెమ్మా" అన్న.
"నిలవడ్డడా, పోతున్నడా?" అనడిగింది.
స్క్రిప్టుల అది లేదు.

హైదరాబాద్‌ల రెండు ముక్కలు అతికించినం.
అతుకు దొరకదు, ఎంత ఎతికినా.
ఇద్దరూ కండ్ల నిండ చూసుకుంటున్నరు.

నా నోట్‌బుక్కుల మాత్రం
మణెమ్మ చూపు: ఎడమకు.
ఎదుట: తువ్వాల, ఐదడుగుల రెండంగుళాలు.
గాలికి కొద్దిగ ఊగింది.