ఏ నీళ్ళండి?

ముప్పై రెండేళ్ళు లాకు తలుపులు తిప్పాను,
పై నీటికీ కింది నీటికీ రాజీ కుదిర్చేవాణ్ణి.
రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో
సఖినేటిపల్లి రేవుకి దిగువన, ఏటిగట్టు నానుకుని
రెండు గదుల డాబా లేపాను.
సున్నం ఆరకముందే ముగ్గురొచ్చారు,
ఇంటికి బీమా చెయ్యమని.

మొదటాయన కాగితం నిండా రంగులు.
నవ్వుతున్న సంసారం, వెనకాల కొండ.
మా వైపు కొండ ఎక్కడుందండీ అన్నాను.
"వరద, తుఫాను, అన్నీ కవరేనండి, ఆయ్."

ఏ నీళ్ళండి?
భద్రాచలంలో అడుగులు పెరిగితే
మూడో నాటికి గండి చూసుకుని వచ్చే ఎర్రనీళ్ళా?
అమావాస్య పోటుకి ఎదురెక్కి
కొబ్బరి మొదళ్ళు మాడ్చే ఉప్పునీళ్ళా?
గుర్రపుడెక్క పట్టేసి మురుగుకోడు ఎగదన్నితే
దొడ్లోంచి లేచే నల్లనీళ్ళా?
తొంభయ్యారులో గాలి మోసుకొచ్చినవా?
ముసురు పట్టి కప్పులోంచి దిగేవా?
మీ పుస్తకంలో వరద అని ఒక్క మాటే ఉంది,
మాకు ఒక్కో నీటికి ఒక్కో వాసన.

ఆయన మంచినీళ్ళు అడిగి, తాగి, వెళ్ళిపోయాడు.

రెండో కుర్రాడు ఫోను కలిపాడు.
తెలుగుకి రెండు నొక్కమంది ఒక గొంతు.
నొక్కాం. పాటొచ్చింది.
ఆ పాట అయ్యేలోపు
పంటు రెండుసార్లు నరసాపురం వెళ్ళొచ్చింది.

మూడో మనిషి చిక్కం ధనరాజు,
చొక్కా అంతా చెమట.
"నాకు తెలీదండి" అన్నాడు.
ఏజెంటు నోట ఆ మాట వినడం అదే మొదలు.

నేనూ ఊరుకోలేదు.
సైకిలేసుకుని కేశవదాసుపాలెం వెళ్ళా,
నిరుడు కప్పు లేచిపోయిన నాగవేణమ్మ దగ్గరికి.
కంపెనీ పేరు అడగలేదు.
కొలిచేవాడు ఎన్నో నాటికొచ్చాడమ్మా అన్నాను.
"తొమ్మిదో నాడు. పంట్లాం మోకాళ్ళ దాకా బురద.
కుర్చీ వేస్తే కూర్చోలేదు,
గోడ తడిని చేత్తో తడిమాడు.
నాలుగోవంతు కోశారులే,
మిగతాది నలభై రోజులకి పడింది."
పక్కింటి వీరాస్వామిది ఇంకో కంపెనీ.
గోడ కూలాక, గోడ ఫోటో పంపమన్నారట.

మూడో రోజు ధనరాజు మళ్ళీ వచ్చాడు.
తెల్లకాగితం మీద నా అయిదు నీళ్ళూ రాసుకొచ్చాడు.
నాలుగింటికి టిక్కు.
నల్లనీళ్ళ పక్కన,
"కోడు పొంగితే సరే, మీ గొట్టం పూడితే కాదు."
అడుగున ఎర్రసిరాతో, నేను అడగనిది:
"గట్టు కోతకి లేదండి.
ఇల్లు ఏట్లో కలిసినా పైసా రాదు.
చదివి సంతకం పెట్టండి."

నాగవేణమ్మది మీ కంపెనీయేనా అన్నాను అప్పుడు.
"ఆయ్, ఆ బురదలో వెనకాల నేనూ ఉన్నానండి."

ఏడాదికి ఒక దింపు కాయ పోతుంది, పోనీ.
పత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి
అటక మీద పెట్టాను,
ఎనభయ్యారు నీటిమట్టానికి జానెడు పైన.

చీకటి పడ్డాక టార్చి తీసుకుని గట్టెక్కా.
నేను పాతిన సరుగుడు కర్ర నుంచి అంచుకి
పదకొండు అడుగులు.
ఉగాదికి పద్నాలుగు.

ఈ లెక్క మాత్రం
నేనూ ఏరూ చూసుకోవాలి.