ఎడమ మూల కుట్టు

డేరా నేనే కుట్టాను,
మదనపల్లె టమాటా లారీ మీంచి దింపి పారేసిన టార్పాలిన్‌తో.
తిరుపతి గాంధీరోడ్డులో మేడమెట్ల కింద నా మిషను
జాకెట్లు తప్ప ఇంకోటి ఎరగదు.
మూడు సూదులు విరిగాక గానీ లొంగలేదు.
ఎంత ఉతికినా పోలేదు ఆ పులుపు.
"మంచిదే, ఏనుగు మనల్ని వెతుక్కునే పని తప్పుతుంది"
అన్నాడు బాబాజాన్, నవ్వకుండా.

పదకొండేళ్ళు ఆఫ్రికా దక్షిణాన
లారీ నిండా తెల్లవాళ్ళను ఎక్కించుకుని
ఎడారికీ ఏటికీ మధ్య తిప్పిన మనిషి.
బోట్స్‌వానాలో ఒక రాత్రి సింహం వచ్చి
డేరా తాడు మీద పడుకుని తెల్లారిందాకా లేవలేదంట.
లోపల ముసలి మొగుడూ పెళ్ళాం.
"ఇరవై ఏళ్ళ తర్వాత చేతులు పట్టుకున్నాం" అన్నారంట పొద్దున,
సింహానికి థాంక్స్ చెప్పమన్నారంట.
ఇప్పుడు పలమనేరులో పంక్చర్లు వేస్తాడు.
"అంత దూరం ఎందుకు మా, మన జిల్లాకేం తక్కువ?
నాలుగు దినాలు రండి" అన్నాడు.
నేనూ, మా అక్క కొడుకు పురందరూ ఎక్కాం
తలుపుకి తాడు కట్టిన ఆ వ్యాను.

భాకరాపేట చెక్‌పోస్టులో
గార్డు మూటని లాఠీతో పొడిచాడు.
"దుంగలా?"
"గుడ్డ సార్."
"ఇంత గుడ్డ ఎందుకు?"
"అడవిలో పడుకోను."
"ఇల్లు లేదా మీకు?"
ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

తలకోన దగ్గర, టార్చి వెలుగులో,
కొమ్మ మీద రెండు రాగి ప్రెస్‌బటన్లు.
నా డబ్బాలోవే అనుకున్నాను.
రెప్పేశాయి. దేవాంగపిల్లి.
పురందర్ ఫోను తీసేలోపు
చీకటి తన జాకెట్టు మూసుకుంది.

రెండో దినం ఏమీ కనబడలేదు.
చల్లారిన సంగటి, ఊరిబిండి, జలగలు.
"అక్కడా అంతే మా," అన్నాడు బాబాజాన్,
"పది దినాల్లో తొమ్మిది దినాలు గడ్డే చూపించేవాణ్ణి."

మూడో రాత్రి కౌండిన్య అడవి అంచున,
గంగులప్ప అరటితోట గట్టు మీద డేరా.
ఆయన మంచె మీద, పక్కన టపాకాయల సంచి,
కింద తెగిపోయిన సోలార్ కంచె.

ఏనుగు చప్పుడు చెయ్యదు.
ఉన్న చప్పుళ్ళే ఆగిపోతాయి.
కప్పలు ఆగాయి. కీచురాళ్ళు ఆగాయి.
మంచె మీద బీడీ దగ్గు ఆగింది.
తడిసిన గోనెసంచి వాసన.
డేరా గుడ్డ లోపలికి ఉబ్బింది,
ఎవరో వేలితో తడిమినట్టు
కుట్టు వెంబడి మెల్లగా పైకి పోయింది తొండం.
నా కుట్టు. రెండు వరసలు వేశాను.
చేతిపని నమ్మని గిరాకీ ఒకామె ఉంది,
ఉమాశంకరి, అచ్చం ఇట్లాగే పట్టి చూస్తుంది.
భయపడాల్సిన చోట నేను ఎదురుచూశాను,
బాగుందంటాడా లేదా అని.

ఊపిరి ఒకటి వదిలి, పోయాడు ఒంటిగాడు.
తర్వాత అరటిచెట్లు విరిగిన మోత,
టపాకాయలు, గంగులప్ప తిట్లు, మళ్ళీ టపాకాయలు.

తెల్లారి నూటా అరవై చెట్లు లెక్కపెట్టాడు ఆయన,
వేలు పెట్టి, ఒక్కొక్కటీ, నిలబడినవి కూడా.
"మీరు చూడను వచ్చినారు.
నేను వాడు కనబడకూడదని మేలుకుంటా."
కోపం లేదు మాటలో, నిద్ర లేదంతే.
తొక్కుడుపడని గెల ఒకటి వ్యానులో పెట్టబోయాడు.
పురందర్ డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
మంచె పైన కప్పు గడ్డి, అక్కడక్కడా ఆకాశం.
డేరా విప్పి దానిమీద కట్టాం.
నాలుగో దినం కార్యక్రమం అదే.

మొన్న ఫోను చేశాడు గంగులప్ప.
వానలంట. వాడు మళ్ళా వచ్చినాడంట.
"డేరా బాగుంది మా. కాకపోతే
ఎడమ మూల కుట్టు కారతా ఉంది."

పెళ్ళి జాకెట్లు పదహారు ఉన్నాయి బల్ల మీద.
లావు దారం ఉండ ఒకటి
విడిగా తీసి పెట్టుకున్నాను.